నాలుగింటి గడి

జూన్ 4, బుధవారం

ఈరోజు తోట వీధిలోని ముసలివాళ్ల హోమ్ తనిఖీ. ముందు చెప్పకుండా వెళ్లాను. చెప్పి వెళితే అది తనిఖీ అనిపించుకోదు, చుట్టపుచూపు అవుతుంది.

ఇరవై ఏళ్లుగా ఈ ఉద్యోగంలో నాకు మూడు గుర్తులున్నాయి. తలుపు తీయగానే వచ్చే వాసన. మంచం మీదివాళ్ల చేతికి అందేంత దూరంలో మంచినీళ్ల గ్లాసు. గోళ్లు. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి ఇవే చెబుతాను. నేను గుమ్మంలో కనిపించాక గబగబా నేల తుడిపించవచ్చు గానీ, ముప్పై నలుగురి గోళ్లు కత్తిరించడం ఎవరి తరమూ కాదు.

తోట వీధిలో మూడూ బాగున్నాయి. వంటగది శుభ్రం. మందుల బీరువాకి తాళం ఉంది, తాళంచెవి ఉండాల్సిన చోటే ఉంది. మేట్రన్ నవ్వుమొహం మనిషి, నాతో మాట్లాడుతూ నడుస్తూనే దారిలో ప్రతి మంచం మీదా దుప్పటి సర్దింది. ఫారంలో ముప్పై రెండు ప్రశ్నలు. ముప్పై ఒకటి అక్కడే నింపేశాను. మిగిలిన ఆ ఒక్కటీ ఇంట్లో రాసుకోవచ్చు.

కాళ్లు లాగుతున్నాయి. పడుకుంటాను.

జూన్ 5, గురువారం

పొద్దున్నే మేట్రన్ ఫోన్. కిటికీ పక్క మంచం ఖాళీ అయిందట. "మీ పిన్నిగారికైతే బాగుంటుందనిపించిందండీ. గాలీ వెలుతురూ బాగా వస్తాయి" అంది. పిన్ని పేరు ఎనిమిది నెలలుగా వాళ్ల జాబితాలో ఉంది. ముప్పై ఏడో నంబరు. ఆ ముప్పై ఏడో నంబరు నా పిన్ని అని ఆవిడకి ఎవరు చెప్పారో మరి.

నేనుండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. పిన్ని మోకాళ్లు పది మెట్లకే మొరాయిస్తాయి. ఒక్కతే ఉంటూ రెండు నెలల్లో రెండుసార్లు స్నానాలగదిలో జారిపడింది. అమ్మ పోయాక నన్ను పక్కలో వేసుకుని పెంచిన మనిషి. వచ్చిన మంచాన్ని వద్దనడానికి నాకు నోరెలా వస్తుంది?

రిపోర్టు పంపేశాను. 'సంతృప్తికరం.' రిపోర్టుకీ ఈ ఫోనుకీ ఏ సంబంధమూ లేదు. అది నిన్నే రాసేశాను కదా.

మన తనిఖీ కిందికి వచ్చే హోమ్‌లో మన బంధువులెవరైనా చేరితే ఆఫీసులో కాగితం ఇవ్వాలి. సోమవారం ఇస్తాను.

జూన్ 9, సోమవారం

పిన్నిని చేర్పించాను. సామాను ఒక పెట్టె, ఒక రేడియో, ఒక చిన్న రేకు డబ్బా. డబ్బాలో దర్జీలు వాడే నీలం సుద్దముక్కలు. బట్టల మిల్లులో ముప్పై ఏళ్లు తనిఖీ బల్ల దగ్గర నిలబడింది పిన్ని. దీపాల మీదుగా గుడ్డ పారుతుంటే, నేతలో తప్పు కనబడిన చోటల్లా సుద్దగీత పెట్టేది.

"ఇక్కడ సుద్దతో ఏం పని పిన్నీ?"

"చేతికి అలవాటే. నువ్వు పడుకునేటప్పుడు కూడా దిండు పక్కన పెన్ను పెట్టుకోవూ? ఇదీ అంతే."

గుమ్మం పక్కన గోడకి నా రిపోర్టుని ఆకుపచ్చ కాగితం మీద అచ్చువేసి అంటించారు. కింద నా సంతకం. పిన్ని కళ్లజోడు సవరించుకుని పై నుంచి కింది దాకా చదివింది.

"ఇవన్నీ నువ్వే చూశావా?"

"నేను కాక ఇంకెవరు చూస్తారు?"

"ఊఁ" అంది.

కాగితం రేపు ఇస్తాను.

జూన్ 15, ఆదివారం

బుధవారం పిన్ని పక్క మంచానికి ఒకావిడ వచ్చారు. బళ్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారట, అందరూ టీచరమ్మ అంటున్నారు. పక్షవాతం. మాట పడిపోయింది, కుడి చెయ్యి మాత్రం కదులుతుంది. తనంతట తాను పక్కకి తిరగలేరు. ఇలాంటివాళ్లని రెండు గంటలకోసారి ఎవరో ఒకరు తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే ఒరుసుకుని వీపు పుండవుతుంది. తిప్పినట్టు గుర్తుకి మంచం కాళ్ల వైపు ఒక పట్టిక వేలాడుతుంటుంది. రెండు గంటలకో గడి, గడిలో ఆయా సంతకం.

టీచరమ్మ కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ఆదివారం ఒక్కటే సెలవు. నేనెవరో తెలిసి గబుక్కున లేచి నిలబడింది.

"ఆ రిపోర్టు రాసింది మీరేనా మేడమ్? ఆరు హోమ్‌లు తిరిగాను. ఎక్కడా అమ్మని వదలడానికి మనసొప్పలేదు. ఇక్కడ జాబితాలో మా వంతు వచ్చినా తటపటాయించాను, మీ కాగితం చూశాకే ధైర్యం వచ్చింది. 'మంచాన పడినవారిని వేళకు తిప్పుతున్నారు' అని రాశారు చూడండి, ఆ ఒక్క ముక్క కోసమే చేర్పించాను."

"మంచి హోమే అమ్మా" అన్నాను.

కాసేపటికి వెళ్లి నాకు టీ తెచ్చింది. వద్దంటే వినలేదు. తాగలేక తాగాను. ఎవరైనా మెచ్చుకుంటే సంతోషించాలి గానీ నాకెందుకో అక్కడ కూర్చోబుద్ధి కాలేదు. పిన్నికి చెప్పకుండానే వచ్చేశాను.

జూన్ 22, ఆదివారం

పిన్నితో చిన్న గొడవ.

"రోజుకి పదిసార్లు పలకరిస్తున్నారే నన్ను. పిన్నిగారూ నీళ్లు కావాలా, పిన్నిగారూ దిండు సర్దమంటారా. నాకు నొప్పి కాళ్లకి గానీ చేతులకి కాదుగా. ఆ పక్కావిడ దగ్గరికి మాత్రం ఒక్కరూ రారు."

"వస్తారు పిన్నీ. నువ్వు కునుకు తీసినప్పుడు వచ్చి వెళుతుంటారు."

"నేను పగలు కునుకు తీయడం నువ్వెప్పుడైనా చూశావా?"

"ఇద్దరు ఆయాలు, ముప్పై నలుగురు మనుషులు. వాళ్లకున్నవీ రెండేసి చేతులేగా!"

"నేననేదీ అదే. ఉన్న ఆ నాలుగు చేతులూ నా చుట్టూ ఎందుకు తిరుగుతున్నట్టు?"

లేచి వెళ్లి టీచరమ్మ పట్టిక చూశాను. అన్ని గడులూ నిండి ఉన్నాయి. తీసుకొచ్చి పిన్ని ముందు పెట్టాను. పిన్ని పట్టిక వైపు చూడలేదు. నా మొహం వైపు చూసింది.

పెద్దవయసు. లెక్క తప్పుతుంటుంది.

జూన్ 23, సోమవారం

పట్టిక నిండుగా ఉంది. నేను కళ్లారా చూశాను. ఒక్క గడి కూడా ఖాళీ లేదు.

జూన్ 29, ఆదివారం

తలనొప్పి. హోమ్‌కి వెళ్లలేదు. ఫోన్ చేసి "బాగున్నావా పిన్నీ" అంటే "నేను బాగానే ఉన్నాను" అంది, 'నేను' దగ్గర ఒత్తి పలికి.

ఆఫీసులో కాగితం ఇంకా ఇవ్వలేదు. ఇప్పుడిస్తే ఇన్నాళ్లూ ఏం చేశావంటారు.

జూలై 3, గురువారం

టీచరమ్మని పొద్దున ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఒళ్లు కాలిపోతోందట. నడుము కింద పుండు, ఎముక దాకా వెళ్లిందట. విషం రక్తంలోకి ఎక్కిందంటున్నారు.

మధ్యాహ్నం కూతురు నాకే ఫోన్ చేసింది. ఆ పిల్లకి నా మీద కోపం లేదు, అదే నేను భరించలేకపోతున్నాను. "మీరు చూసినప్పుడు అంతా బాగానే ఉంది కదా మేడమ్? ఆ తర్వాతే పాడయిందంటారా?" అని ఏడుస్తూ అడిగింది.

"నేను చూసినప్పుడు బాగానే ఉందమ్మా" అన్నాను.

అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

జూలై 4, శుక్రవారం

జూన్ నాలుగున ఏం జరిగిందో ఇక్కడైనా సరిగ్గా రాయాలి. ఈ పుస్తకం నేను తప్ప చదివేవాళ్లు లేరు. అయినా దీనిక్కూడా అబద్ధం చెప్పాను.

పొద్దున పదకొండు గంటలు. ఎనిమిదో మంచం మీద కదల్లేని తాతగారు. పట్టిక తీసి చూశాను. ఎనిమిదికి సంతకం, పదికి సంతకం. పన్నెండుకీ సంతకం. రెండుకీ సంతకం. నాలుగింటికీ సంతకం.

పదకొండింటికే సాయంత్రం నాలుగింటి సంతకం. అన్నీ ఒకే పెన్ను, ఒకే చెయ్యి.

పక్కనే నిలబడ్డ ఆయా తడి చేతులు చీరకి తుడుచుకుంటూ నేల చూపులు చూసింది. మేట్రన్ నవ్వింది. "మధ్యాహ్నం చేతులు ఖాళీ ఉండవండీ. ముందే రాసి పెట్టుకుంటారు గానీ పని మాత్రం చేస్తారు."

ఆ మాట నేను నమ్మానా? ఈ ఉద్యోగంలోకి రాకముందు నాలుగేళ్లు నేనూ ఆయాగా చేశాను. నేనూ పొద్దున్నే అన్ని గడులూ నింపేసేదాన్ని. మొదట్లో గడి నింపాక కూడా వెళ్లి తిప్పేదాన్ని. తర్వాత్తర్వాత, గడి నిండే ఉంది కదా అని కాళ్లు కదిలేవి కావు. సంతకం ముందు పడితే పని ఏమవుతుందో నాకు చెప్పేవాళ్లు అక్కర్లేదు. ఆ పట్టిక చూస్తూనే నాకు తెలిసిపోయింది.

తాతగారి దుప్పటి తీసి వీపు చూడాలి. అది నా పని. చూడలేదు. పట్టికని తగిలించేసి ముందుకి నడిచాను.

మెట్ల దగ్గర మేట్రన్‌తో, "మా పిన్ని పేరు కూడా మీ జాబితాలో ఉందండీ, ముప్పై ఏడో నంబరు" అన్నాను. ఎవరు చెప్పారో అని రాశాను కదా పైన. చెప్పింది నేనే.

ఖాళీగా వదిలిన ప్రశ్న పంతొమ్మిదోది. 'మంచాన పడినవారిని వేళకు తిప్పుతున్నారా?' ఆ రాత్రి దాన్ని అలాగే వదిలేసి పడుకున్నాను. తెల్లారి మేట్రన్ ఫోన్ పెట్టేశాక, కాఫీ గ్లాసు పక్కన పెట్టి, అవును అని టిక్కు పెట్టి, పంపాను.

ఇదీ వరస. ఫోను ముందు, టిక్కు తర్వాత.

జూలై 7, సోమవారం

ఆఫీసులో పెద్దసారు తన గదికి పిలిచారు. ఉద్యోగం పోయిందనుకుంటూ వెళ్లాను. ఆయనేమో కుర్చీ చూపించి, "భయపడకమ్మా. నీ రిపోర్టు పక్కాగా ఉంది. వాళ్ల పట్టికలూ పక్కాగా ఉన్నాయి. ఆ ఆయా ఎవరో బద్ధకించింది. ఆమెని తీసేస్తారు, విచారణ ముగిసిపోతుంది" అన్నారు.

బతికిపోయాననుకున్నాను. ఆ ఊపిరి పీల్చుకోవడం గుర్తొస్తే ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

సాయంత్రం బస్‌స్టాప్‌లో ఆ ఆయా నా కోసం నిలబడి ఉంది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిచినా బాగుండేది.

"మేడమ్, ఆరోజు మీరు పట్టిక చూశారు కదా. నాకు గుండె ఆగినంత పనయింది. మీరేమీ అనలేదు. సరే, పెద్దవాళ్లే ఏమీ అనలేదంటే ఫరవాలేదు కాబోలు అనుకున్నాం. ఆ తర్వాత మరీ అలవాటైపోయింది. మేట్రనమ్మ కూడా పిన్నిగారికి లోటు రాకుండా చూడండి చాలు అనేది. టీచరమ్మ దగ్గరికి వెళ్లాలని నాకూ ఉండేది మేడమ్. ఒక్కదాన్ని ఎంతకని తిరగను?"

నా బస్సు వచ్చింది. ఎక్కేశాను. కిటికీలోంచి చూస్తే ఇంకా అక్కడే ఉంది.

జూలై 8, మంగళవారం

పిన్ని దగ్గరికి వెళ్లాను. పక్క మంచం ఖాళీగా ఉంది, పరుపు చుట్టేశారు. పిన్ని నన్ను కూర్చోమనలేదు.

"ఆ నా బట్టల బీరువా తలుపు తెరువు" అంది.

తెరిచాను. లోపలి వైపు పైనుంచి కింది దాకా నీలం సుద్దగీతలు. రోజుకో వరస. ఎడమవైపు ఒకటి, రెండు, ఒక వరసలో అసలేమీ లేదు. నాలుగు గీతలున్నవి మూడే వరసలు. కుడివైపు వరసకి తొమ్మిది, పది, పదకొండు.

"ఎడమవైపుది ఆవిడ లెక్క. పొద్దున ఆరు నుంచి నేను పడుకునే దాకా ఆవిడని ఎన్నిసార్లు తిప్పారో అది. నాలుగున్నవి ఆదివారాలు, కూతురొచ్చే రోజులు. కుడివైపుది నా లెక్క. నాకేం కావాలని ఎన్నిసార్లు అడిగారో అది."

కింది వరసల్లో గీతలు వంకరపోయి ఉన్నాయి. వంగి గీసినట్టున్నాయి.

"నేనే తిప్పుదామని ఒకరోజు లేచాను. నావల్ల కాలేదు. ఇద్దరం కలిసి పడబోయాం. ఆవిడ నా చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తలూపింది. నీకు చెప్పాను. పట్టిక తెచ్చి చూపించావు."

నేను నేల మీద కూలబడి ఏడ్చాను. పిన్ని ఓదార్చలేదు. చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే కూడా ముందు కడిగి, తర్వాతే దగ్గరికి తీసుకునేది.

"మిల్లులో నేను తప్పు చూసి కూడా వదిలేసిన గుడ్డ ఒక్కటుంది" అంది. "ఆరోజు నీకు జ్వరం, తొందరగా ఇంటికి రావాలని వదిలేశాను. అది గుడ్డ. ఎక్కడో చిరిగి ఉంటుంది, అంతే. నువ్వు వదిలేసింది మనిషిని."

"నేను నిజం చెబితే నిన్ను ఈ హోమ్‌లో ఉండనివ్వరు పిన్నీ."

"ఉండనివ్వకపోతే?"

"నిన్నెక్కడ పెట్టను?"

"నన్ను అడ్డం పెట్టుకోకు. మొదట పెట్టుకున్నది చాలు."

జూలై 9, బుధవారం

రాసిచ్చేశాను. నాలుగు పేజీలు. పట్టిక, నాలుగింటి సంతకం, మెట్ల దగ్గర మాట, ఫోను, టిక్కు. ఆయా బస్‌స్టాప్‌లో చెప్పింది, బీరువా తలుపు. ఇవ్వకుండా దాచిన బంధువుల కాగితం కూడా ఇవాళ్టి తేదీతోనే జతచేశాను. పాత తేదీ వేద్దామని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆ సంగతి కూడా రాసి పెట్టుకుంటున్నాను.

పెద్దసారు చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఎవరడిగారమ్మా నిన్ను?"

"ఎవరూ అడగలేదు సార్. అందుకే ఇన్నాళ్లు పట్టింది."

ఉద్యోగం నుంచి సస్పెన్షన్. నెలాఖరులోగా ఉండేదీ ఊడేదీ తేలుతుంది. కొత్త తనిఖీ బృందం ఈ మధ్యాహ్నమే తోట వీధికి వెళ్లింది. దుప్పట్లు ఎత్తి వీపులు చూశారట. ఎనిమిదో మంచం తాతగారితో కలిపి ముగ్గురికి పుండ్లు మొదలయ్యాయి, ఇంకా లోతుకి పోలేదు. ఆయాని తీసేయడం ఆపారు.

జూలై 10, గురువారం

పిన్నిని ఇంటికి తెచ్చాను. ఇద్దరు మనుషులు కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులు మోశారు. ప్రతి మలుపు దగ్గరా "మెల్లగా నాయనా, పాత సరుకు" అంటూనే ఉంది. పైకొచ్చాక గదంతా చూసి, "ఇక దిగేది లేదు. నన్ను మోసుకెళ్లే రోజున వీళ్లనే పిలువు, చెయ్యి తిరిగినవాళ్లు" అంది.

నవ్వాను. నవ్వినందుకు వెంటనే తప్పు చేసినట్టనిపించింది.

జూలై 11, శుక్రవారం

ఆసుపత్రికి వెళ్లి టీచరమ్మ కూతురికి నేనే చెప్పాను. వరండాలో, నిలబడే. ఎక్కడా ఆపకుండా చెప్పాను, ఆపితే మళ్లీ అబద్ధం దూరుతుందని భయం.

అంతా విని, "రండి" అని లోపలికి తీసుకెళ్లింది. నర్సు కట్టు మార్చే వేళ. "చూడండి" అంది.

చూశాను. అది ఎలా ఉందో ఇక్కడ రాయను. మర్చిపోతానన్న భయం లేదు.

"ఆరోజు ఇలాగే దుప్పటి ఎత్తి చూసి ఉంటే మా అమ్మ ఆ గడప తొక్కేదే కాదు" అంది. గొంతు పెంచలేదు.

"మీకు పగలు డ్యూటీ ఉంటుంది కదా. పగలు నేనొచ్చి చూసుకుంటాను. మీరు ఒప్పుకుంటేనే" అన్నాను.

"నాకు వేరే దారి లేదు కాబట్టి రమ్మంటున్నాను. క్షమించానని మాత్రం అనుకోకండి."

అనుకోను.

జూలై 16, బుధవారం

టీచరమ్మకి జ్వరం దిగింది. పుండు తగ్గలేదు. నెలలు పడుతుందని, తగ్గుతుందని కూడా గట్టిగా చెప్పలేమని డాక్టరు అన్నాడు.

పిన్నిని పగలు పక్కింటావిడకి అప్పగించి వస్తున్నాను. ఇక్కడ పట్టిక లేదు. అందుకని ఈ డైరీనే తెచ్చుకున్నాను.

8 గంటలు: ఎడమ పక్కకి తిప్పాను.

10 గంటలు: కుడి పక్కకి. కాళ్ల మధ్య దిండు.

12 గంటలు: ఎడమ పక్కకి. నీళ్లు నాలుగు చెంచాలు తాగారు.

2 గంటలు: కుడి పక్కకి. వీపు వెనక దిండు ఇంకా సర్దకముందే నా చెయ్యి పెన్ను కోసం వెళ్లింది. టీచరమ్మ కదిలే ఆ ఒక్క చేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. దిండు పూర్తిగా సర్దేదాకా వదల్లేదు. సర్దాక వదిలారు. అప్పుడు రాశాను.

నేనెవరో ఆవిడకి తెలుసు. కూతురు చెప్పేసింది. రోజంతా నా వైపే చూస్తుంటారు. తల తిప్పుకోవాలనిపిస్తుంది. తిప్పుకోవడం లేదు.

ఇప్పుడు మూడు నలభై. పెన్నుకి మూత పెడుతున్నాను.

4 గంటలు: